నాది కాని పుట్టుక

రిటైరయ్యాక నాకు వంశవృక్షం పిచ్చి పట్టుకుంది. నల్గొండ చుట్టుపక్కల బడుల్లో ఎన్నో ఏళ్లు హాజరు పిలిచినవాణ్ని. పిలవడానికి పిల్లలు లేకపోయేసరికి చచ్చిపోయిన తాతముత్తాతలను వరుసలో నిలబెడదామనుకున్నాను. పెద్ద చార్టు తెచ్చి హాలు గోడకు అంటించాను. "ఇంట్ల గూడ బడే పెట్టినవా?" అని నా భార్య విసుక్కుంది. మాది మగ్గం మీద బతికిన ఇల్లు. మూడు తరాలు దాటితే పేర్లు కూడా ఎవరికీ సరిగ్గా తెలియవు. అయినా పట్టు వదల్లేదు.

పాత జనన రిజిస్టర్లను ఆన్‌లైన్‌లోకి ఎక్కిస్తున్నారని చెప్పింది నా కూతురు. తండ్రి పేరు, తల్లి పేరు, జిల్లా కొడితే సూచిక వరుసలు వరుసలుగా వస్తుంది. అందరికంటే ముందు నన్ను నేను వెతుక్కున్నాను. నల్గొండలో లేను. అప్పుడు గుర్తొచ్చింది, తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. మా అమ్మది ఆత్మకూర్ పక్క ఊరు. జిల్లా మార్చి మహబూబ్‌నగర్ అని పెట్టగానే ఒక్క వరుస వచ్చింది. తండ్రి మా బాపే, తల్లి మా అమ్మే, ఊరూ అదే. పుట్టిన చోటు పాలమూరు దవాఖాన. బిడ్డ పేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. లింగం దగ్గర 'స్త్రీ' అని ఉంది. సంవత్సరం నా సర్టిఫికెట్లలో ఉన్నదానికి రెండేళ్లు ముందు.

ఇంకొకరైతే అక్కడ ఆగి ఆలోచించేవారు. నేను పంతులును కాబట్టి ఆగలేదు. మా తరం బడి తేదీలు ఎలా పుడతాయో నాకు తెలుసు. పిల్లవాడి చెయ్యి తల మీదుగా అవతలి చెవిని అందుకుంటే ఐదేళ్లు నిండినట్టు. వెంటనే ఏదో ఒక జూన్ తేదీ వేసేసేవాళ్లం. అట్లా నా చేత్తో పుట్టించిన తేదీలు ఎన్నో. నా తేదీని కూడా మా పంతులు అట్లాగే వేసి ఉంటాడు, రెండేళ్ల తేడా ఒక లెక్కా అనుకున్నాను. 'స్త్రీ' అన్నది రాసినవాడి చేతి పొరపాటు. ఇంత వయసొచ్చాక అసలు పుట్టినరోజు దొరికిందని ఇంటిల్లిపాదికీ స్వీట్లు తెచ్చాను. పేరు చేర్చడానికి, తప్పు సవరించడానికి దరఖాస్తు నింపాను. దానికి తల్లి వాంగ్మూలం కావాలన్నారు.

అమ్మ మా దగ్గరే వెనక గదిలో ఉంటుంది. కాగితం, సిరా పెట్టె పట్టుకుని వెళ్లాను.

"ఏం కాయితం బిడ్డా గిది?"

"నా పుట్టుక కాయితమమ్మా. పాలమూరు దవాఖానల పుట్టినట్టు దొరికింది. జర వేలు పెట్టు."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు దవాఖానల యాడ పుట్టినవ్‌రా? నిన్ను మగ్గం అర్రల కన్న. మంత్రసాని వచ్చింది."

"నీకు యాదుండదమ్మా. సర్కారు కాయితం అబద్ధం చెప్తదా?"

"గందుల ఏం రాసున్నదో జర చదువు."

"చదివినా నీకేం సమజైతది? పెట్టు."

పెట్టింది. ఏళ్ల తరబడి మగ్గానికి నూలు కండెలు చుట్టి చుట్టి ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. ముద్ర సరిగ్గా పడలేదు. నేనే ఆమె వేలు పట్టుకుని రెండోసారి గట్టిగా ఒత్తాను.

సవరణ అయిపోయింది. సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజు అమ్మ మంచం మీద కూర్చుని, బడిలో పాఠం చదివినట్టు గొంతెత్తి చదివాను. ఆషాఢంలో వచ్చే తేదీ అని కూడా చెప్పాను. ఆ నెల పేరు వినగానే అమ్మ మధ్యలో ఆపింది.

"ముందుగాల ఆడివిల్ల అని రాసున్నదా, మొగవిలగాడని రాసున్నదా?"

"ఆడివిల్ల అని తప్పు రాసిన్రు. నేను సరిచేయించిన."

అమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"తప్పు గాదు బిడ్డా" అంది చివరికి. "నీకన్న ముందు పిల్ల. తొమ్మిది దినాలు ఉన్నది. ఇరవై ఒకటో దినం తొట్టెల ఏసి పేరు పెడ్దమనుకున్నం. గందాక ఉండలే."

"ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పకపోతివి గదమ్మా?"

"పోయినోళ్లను ఉన్నోని ముంగట తలువొద్దని మీ నాయినమ్మ ఒట్టు పెట్టించుకున్నది. నీకేమన్న అయితదని."

నాకు తెలియదని చెప్పుకోవడానికి కూడా మొహం లేదు. పుట్టగానే నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టారని, పక్కింటామె ఎత్తుకుంటే అమ్మ చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కుందని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. మేనమామలు ఆ మాట మీద నన్ను ఆటపట్టించేవారు. ముందు పుట్టినవాళ్లు దక్కని ఇంట్లోనే అట్లా చేస్తారని ఈ పక్క ఎవరినడిగినా చెబుతారు. అట్లా కొనుక్కున్న పిల్లలు నా క్లాసుల్లోనే ఎంతమందో ఉండేవారు. వాళ్లను చూసి 'పాపం, వీళ్లమ్మ ఎవరినో పోగొట్టుకుంది' అనుకునేవాణ్ని. నా తల్లి గురించి ఒక్కసారీ అనుకోలేదు. ముత్తాత తండ్రి పేరు కోసం రెండు జిల్లాలు గాలించాను గాని, వెనక గదిలో ఉన్న మనిషిని అడగలేదు. ఆ పిల్ల ఈ లోకంలోకి వచ్చిందనడానికి ఉన్న ఒకే ఒక్క వరుసను చెరిపేసి, అందులో నా పేరు రాయించుకున్నాను. అదీ ఆమెను కన్న తల్లి వేలితోనే. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే ఆఫీసుకు పరుగెత్తాను. మళ్లీ దరఖాస్తు, మళ్లీ వాంగ్మూలం, మళ్లీ విచారణ, టైం పడుతుందన్నారు. తప్పు నాది, వాళ్లననడానికి ఏముంది? ఈసారి కాగితమంతా అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. బిడ్డ పేరు అనే గడి దగ్గర ఆగి, "ఏం రాయమంటవమ్మా?" అని అడిగాను. ఆలోచిస్తుందేమో అనుకున్నాను. ఆలోచించలేదు. రోజూ పిలుస్తున్న పేరులాగా టక్కున చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. అడిగే హక్కే నాకు లేకుండె.

అప్పటి నుంచి పొద్దున చాయ్ తాగగానే అమ్మ ఒకటే అడుగుతుంది. "పిల్ల కనవడ్తాందా?"

"ఇంక లేదమ్మా. వస్తది."

ఎన్నో వారాలు అట్లాగే చెప్పాను. మొన్న జ్వరం వచ్చి లేచి అమ్మ బాగా నీరసించింది. చాయ్ కూడా సగమే తాగింది. మంచం మీద నుంచి లేవకుండానే, "ఇయ్యాల గూడ కనవడలేదా?" అంది. నేను ఫోన్ తెరిచి సూచికలో వెతికాను. అదే వరుస వచ్చింది. లింగం: పురుషుడు. పేరు: నాది.

"వచ్చిందమ్మా" అన్నాను.

అమ్మ ముఖం వికసించింది. ఫోన్ దగ్గరికి లాక్కుని, "యాడ? ఏ జాగల?" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆ వరుస మీద పెట్టాను. అరిగిపోయిన ఆ బొటనవేలితో అద్దం మీద అటు నుంచి ఇటు మెల్లగా నిమిరింది. వేలి కింద ఉన్నది నా పేరే. ఆమెకు చదవడం రాదన్న సంగతిని నేను వాడుకోవడం ఇది రెండోసారి.