తృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి

మొన్న ఏం జరిగిందో చెప్తా వినండి. టీ చల్లారినా పరవాలేదు. నోరు తెరవకుండానే పరువు పోగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఎదురుగానే కూర్చోనుండా!

నా వ్యాపారం మీకు తెలిసిందే. ఒర్లియంపేటలో షామియానా, కుర్చీలు, ఒక ఫ్రీజర్ బాక్స్ అద్దెకిస్తా. ఫ్రీజర్ బాక్స్ అంటే ఐస్‌క్రీముకు కాదు, శవాన్ని పడుకోబెట్టే గాజు పెట్టె. పెళ్ళయినా చావయినా మా నాయన కాలం నుంచి ఈ వీధులకి మేమే. నన్ను ఈ పనిలో దించేటప్పుడు ఆయన ఒకే ఒక్క పాఠం చెప్పినాడు. "రేయ్ గోవిందూ, చావింట్లో 'పోయొస్తా' అనగూడదు. 'మళ్ళీ పిలవండి' అనగూడదు. సామాను దించు, నోరు మూసుకో, వచ్చెయ్." నా నెత్తిన వెంట్రుకలు ఉన్నప్పటి నుంచి ఈ మాట తప్పలేదు. ఇప్పుడు చూస్తా ఉండారు గదా నా నెత్తి!

అప్పట్లో చావు కబురు ఎట్లా వచ్చేది? ఎవరో ఒకరు అంగడి ముందర వచ్చి నిలబడేవాళ్ళు. ఏమీ చెప్పరు. నాకు అర్థమయ్యేది, లేచి చెప్పులు వేసుకునేవాణ్ణి. ఇప్పుడు 'మా వీధి లైవ్' అని ఫోన్లో ఒక పేజీ ఉంది. యాక్సిడెంటు, కరెంటు కోత, చావు, అన్నీ అందులోనే. పోయిన మనిషి ఫోటో, పక్కన దీపం బొమ్మ. దాని కిందనే తట్టాంచావడిలో కొత్తగా కంపెనీ పెట్టిన ఒక ఆసామి కామెంటు: "ప్రగాఢ సానుభూతి. ఏసీ ఫ్రీజర్ బాక్స్ రెడీ. వెంటనే కాల్ చెయ్యండి." ఇంట్లోవాళ్ళ ఏడుపు ఇంకా మొదలు కాదు, వీడి కామెంటు పడిపోతుంది! రెండు నెలలు నా పెట్టె గోడౌన్లో ఊరికే పడుంది. కుర్చీ కవర్లు మడిచి అందులో పెట్టుకుంటా ఉన్నా.

మా అమ్మాయి రేవతి సేదరపేట్ ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. "నాయనా, నువ్వింకా గోడకి పోస్టరు అంటించే కాలంలోనే ఉండావు" అని నా ఫోన్లో ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. సామాను దించినాక ఆ ఇంటి నంబరు కొట్టి 'చేరింది' అని నేను నొక్కాల. గంటలోపల ఆ ఇంటికి దానంతట అదే ఫోన్ పోతుంది, నా గొంతుతో! మెసేజ్ ఎందుకు కాదంటే, ఈ అరవ ఊళ్ళో పెరిగిన మనోళ్ళు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు గదా. పెళ్ళిళ్ళ సీజన్ కదా అని నేను నాదస్వరం పెట్టించి, ఛాతీ ఉబ్బించి మరీ రికార్డు చేసినా.

"చావులకి వేరే రికార్డు చెయ్యాల నాయనా" అనింది రేవతి.

"మనకి చావులు యాడొస్తా ఉండాయే? వచ్చినప్పుడు చూద్దాం లే" అన్నా.

వచ్చింది. రంగన్న చావు.

రంగన్న మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఏండ్లుగా పొద్దున్నే నా అంగడి ముందర బెంచీ మీద కూర్చుని అరవ పేపర్ గట్టిగా చదివేవాడు, నేను వినేవాణ్ణి. ఒక టీని ఇద్దరం పంచుకునేవాళ్ళం. ఆ పొద్దున బెంచీ ఖాళీగా ఉంది. ఇంకా రాలేదేమా అనుకుంటా ఫోన్ తెరిచినా. పేజీలో రంగన్న ఫోటో, దీపం. నాలుగు వీధుల అవతల నా స్నేహితుడు పోతే నాకు ఫోన్ చెప్పింది! కింద తట్టాంచావడివాడి కామెంటు అప్పటికే ఉంది.

పరిగెత్తినా. రంగన్న భార్య కృష్ణవేణక్క నన్ను చూసి ఒకే మాట అనింది. "నీ పెట్టె తీసుకొని రా గోవిందా. పరాయివాళ్ళ పెట్టెలో ఆయన్ని పడుకోబెట్టను."

ఆ మాటకి నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఈ ఒక్క పని సరిగ్గా చేసి నా స్నేహితుణ్ణి మర్యాదగా సాగనంపాల, అంతే నాకు కావలసింది. గాజు నేనే తుడిచినా. పందిరి నేనే నిలబడి కట్టించినా. రేవతి నేర్పించినట్టే 'చేరింది' అని కూడా నొక్కినా. బుద్ధిమంతుణ్ణి చూడండి!

మధ్యాహ్నం అయింది. ఆడవాళ్ళు పెట్టె చుట్టూ కూర్చున్నారు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి అందరూ గమ్మునున్నారు. ప్లగ్గు వేడెక్కిందని నేను దాన్ని పీకి వేరే చోట పెట్టబోతా ఉన్నా. పెట్టె రొద ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు కృష్ణవేణక్క ఫోన్ మోగింది. ఆమెకి చెవులు మందం, ఏ ఫోనొచ్చినా స్పీకర్లోనే వింటుంది.

ముందు నాదస్వరం. తర్వాత నేను.

"వణక్కం! నమస్కారం! నేను మీ షామియానా గోవిందుణ్ణి! మా ఏర్పాట్లు బాగుండాయా? మీ ఇంట్లో ఇట్లాంటివి ఇంకా పది జరగాల! మళ్ళీ మళ్ళీ మమ్మల్నే పిలవాల! తృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకుంటే రెండు నొక్కండి. పోయొస్తా!"

అన్ని తలలూ నా వైపు తిరిగినాయి. నా నోరు మూసే ఉంది, చేతిలో ప్లగ్గుంది. నా గొంతేమో ఇల్లంతా తిరుగుతా ఉంది. మా నాయన అనొద్దన్న రెండు మాటలూ అనేసింది, పైన ఇంకా పది చావులు కోరింది!

కృష్ణవేణక్క నన్నే చూసింది. "ఇంకా పదా గోవిందా?" అని మెల్లిగా అడిగింది.

తిట్టుంటే బాగుండేది. "అక్కా, అది నేను కాదు..." అన్నా. మరి ఎవరంట? ప్లగ్గు గోడకి గుచ్చి బయటికి వచ్చేసినా. ఏమీ నొక్కకపోతే ఐదు నిమిషాలకి మళ్ళీ చేస్తుందని రేవతి చెప్పిన సంగతి వీధిలోకి వచ్చినాకనే గుర్తొచ్చింది. లోపల మళ్ళీ నాదస్వరం! "వణక్కం! నమస్కారం!" అని మొదలై, ఈసారి నడిమధ్యలో ఆగిపోయింది.

ఎవరో పుణ్యాత్ముడు వీడియో తీసినాడు. సాయంత్రానికి నేనే వార్త. 'మా వీధి లైవ్'లో "చావింట్లో బంపర్ ఆఫర్: ఇంకా పది!" అని పెట్టినారు. ఊరంతా చూసింది. కింద మొట్టమొదటి కామెంటు ఎవరిదనుకుంటా ఉండారు? తట్టాంచావడివాడిదే. "ప్రగాఢ సానుభూతి. మా పెట్టె మాట్లాడదు."

మరుసటి రోజు రంగన్నని ఎత్తేటప్పుడు నేను వెనక ఎక్కడో నిలబడినా. ముప్పై ఏండ్ల స్నేహం, భుజం ఇచ్చేదానికి ముందుకు పోలేకపోయినా. పాడెని చూస్తే ఆ పది గుర్తొస్తా ఉంది. భుజం ఇయ్యలేకపోయినందుకే నాకు ఏడుపు ఎక్కువొచ్చింది.

మూడో నాడు రేవతి ఫోన్ పట్టుకొని వచ్చింది. "నాయనా, ఇన్ని కాల్స్ పోయినాయి గదా, ఒక్కరంటే ఒక్కరే బటన్ నొక్కినారు. కృష్ణవేణత్త నంబరు. ఒకటి నొక్కింది. తృప్తి అంట!"

నా ప్రాణం లేచి వచ్చింది. అక్క క్షమించేసింది! నా పరిస్థితి చూసి జాలిపడి, అంత దుఃఖంలోనూ ఒకటి నొక్కింది! కుర్చీలు తెచ్చుకునే సాకుతో నేరుగా పోయినా. శ్మశానంలో పాలు పోసే కార్యం అయిపోయి ఆమె గడపలో కూర్చోనుంది.

"అక్కా, నువ్వు ఒకటి నొక్కినావంట..." అన్నా.

"ఏందిరా ఒకటి?"

"ఆ ఫోన్లో... తృప్తిగా ఉంటే ఒకటి అని..."

"ఒకటో రెండో ఎవుడు చూసినాడు? నీ గొంతు ఆగితే చాలని చేతికి దొరికింది నొక్కినా."

కుర్చీలు మడిచి బండిలో వేసుకున్నా. అలవాటు కొద్దీ ఆమె వైపు తిరిగినా. 'పో...' అని నాలిక దాకా వచ్చింది. మింగేసినా. తల వంచుకొని గేటు దాకా పోయినా.

"గోవిందా!" అని వెనక నుంచి పిలిచింది.

ఆగినా.

"పదహారో నాడు ఆయనకి కరుమాది కర్మ చెయ్యాల. పందిరి నీదే, ఎవుర్నీ పిలవను. నువ్వు రా. నీ గొంతును మాత్రం ఇంట్లో పెట్టి రా."