ఎండిన తువ్వాల

దయ్యాల మాటెత్తితే ఎంతటివాళ్ళ నోరైనా మూయించేదాన్ని నేను. బీఎస్సీ చదివి, దవాఖాన ల్యాబులో నెత్తురు పరీక్షలు చేసి బతికినదాన్ని. నమ్మితే నమ్మండి, లేకుంటే మీ ఖర్మ... ఇది నా కళ్ళ ముందు జరిగింది.

తెలంగాణ కోసం బంద్‌లు నడుస్తున్న రోజులు. మానుకోట దవాఖానలో రాత్రి డ్యూటీ. గార్ల దిక్కు తండాలో ఒక పిల్ల మాయమైంది. శవం లేదు. దొరికింది మొగుడు గొడ్డలి తుడిచిన తువ్వాల ఒక్కటే, నెత్తురుతో. మేకను కోశానంటాడు వాడు.

"మేక తెగితే తండాల ఇంటింటికీ మాంసం పోగు పోతది బిడ్డా. ఎవలింటికి వచ్చింది పోగు?" అంది నెత్తురు ఇయ్యడానికి వచ్చిన పిల్ల తల్లి.

నిజమే. కానీ కోర్టుకు పోగులు పట్టవు. బిడ్డ డీఎన్‌ఏలో సగం తల్లిది. తువ్వాల నెత్తురు ఆమె నెత్తురుతో కలవాలి. లేకుంటే వాడు ఇంటికి పోతాడు.

కానిస్టేబుల్ తడి తువ్వాలను ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి తెచ్చాడు.

"ఏం సదువు సదివినవ్ తమ్మీ? గిట్ల కడితే నెత్తురు కుళ్ళదా? ఇగ డీఎన్‌ఏ ఏడికెల్లి దొరుకుతది?"

"బంద్‌ల గా కవరు దొరికిందే గొప్ప అక్కా!"

బస్సులు నడిస్తేనే హైదరాబాద్ ల్యాబుకు పంపేది. అందుకని నేల మీద తెల్ల కాగితం పరిచి, పైన తాడుకు తువ్వాల ఆరేసి, ఫ్యాను వేశాను. కానిస్టేబుల్ బయట బెంచీ మీద గురక. తల్లి గడప దగ్గర పడుకుంది.

అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఆ నిశ్శబ్దంలో... ధబ్.

గొడ్డలి దెబ్బ. కట్టె మీద కాదు... మెత్తటిదాని మీద. వెంటనే చిటచిటమని ఏదో చిమ్మిన చప్పుడు.

టార్చి వేశాను. తువ్వాల అప్పడంలా ఎండి బిగుసుకుపోయింది. కింద కాగితం మీద... చుక్కలు. తడిగా. కారిన నెత్తురు గుండ్రంగా పడుతుంది. ఇవి తోకలతో, పక్కకు సాగి ఉన్నాయి. కొట్టినప్పుడు చిమ్మే నెత్తురు అట్లా పడుతుంది.

ధబ్.

నేను చూస్తుండగానే... ఇంకో వరుస. పైనుంచి ఏదీ రాలలేదు.

తల్లి లేచి కూర్చుంది. "పిలిచినవా బిడ్డా?"

"లేదవ్వా."

"యాడీ అన్నరు... మా భాషల అమ్మా అని."

నేనూ విన్నాను. గదిలోంచే.

తెల్లారి తువ్వాలను ఒక కాగితపు కవర్లో, ఆ కాగితాన్ని వేరే కవర్లో పెట్టి సీలు వేయించాను. తువ్వాల మీదిది మేక నెత్తురు కాదు, ఆ తల్లి బిడ్డదే అని తేలింది. మొగుడు జైలుకు పోయాడు. పిల్ల శవం ఇప్పటికీ దొరకలేదు.

అప్పటికి తువ్వాల పూర్తిగా ఆరలేదేమో అని నాతో నేనే ఎన్నోసార్లు వాదించుకున్నాను. ఆరకుంటే కారుతుంది. చిమ్ముతుందా?

రిపోర్టు వచ్చిన రోజు హైదరాబాద్ ల్యాబు నుంచి ఒక సారు ఫోన్ చేసి అడిగాడు. "కాగితం మీద కూడా అదే అమ్మాయి రక్తం మేడమ్. ఆమెను నరికినచోట పరిచి ఉన్నదా ఇది? ఎక్కడ దొరికింది?"

ఆ కాగితం... ఆ రాత్రి కొత్త కట్ట విప్పి, నా చేత్తో నేనే పరిచింది.