దక్షిణామూర్తి మాస్టారి నలికండ్లపాములు

మా జువాలజీ లెక్చరర్ దక్షిణామూర్తి గారిని టైమెంతని అడక్కూడదు. "నలికండ్లపాము ఎండకి బయటికొచ్చే వేళ" అనేవారు. పెళ్లిభోజనంలో ఆయన పక్కన కూర్చున్నామా, పాయసం వచ్చేలోపు దాని తోక తెగడం, మళ్లీ మొలవడం రెండూ అయిపోయేవి. బల్లికీ పాముకీ మధ్యరకంగా, రాగిరంగులో నిగనిగలాడే ఆ జానెడు ప్రాణికోసం రిటైరయ్యాక పదేళ్లపాటు రోజూ పడవెక్కి గోదారి మధ్య లంకకి వెళ్లారు.

ఏటా వరదకి కోసుకుపోగా ఆ లంకలో మిగిలింది మాణిక్యాంబ గారి ఇల్లొక్కటే. ఆవిడ పెరట్లోనే మాస్టారి మకాం.

"ఆ ఆకులు ఊడవకండమ్మా. వాటికి అదే ఇల్లండి."

"విషప్పురుగులతో కాపరమేంటండీ?"

"విషమెక్కడిదండీ! మనిషి అలికిడైతే దాక్కునే పిరికివి."

"మా ఆయనా అంతేనండి. మిమ్మల్ని దూరాన్నుంచి చూసి తోటలో దాక్కునేవారు."

ఆ ఆయన పోయి రెండేళ్లు.

మొన్న వరదలో గోదారి పెరటి అంచుదాకా కోసేసింది. గ్రామ సచివాలయంలో ఉద్యోగం కాబట్టి పడవ వేసుకుని నేనే వెళ్లాను. మాణిక్యాంబ గారు గుమ్మంలోంచి కదల్లేదు.

"ఆయన కట్టిన ఇల్లండి. పోతే దీంతోనే పోతాను."

బతిమాలాను, కోప్పడ్డాను, చివరికి నాకే ఏడుపొచ్చింది. నీళ్లు మెట్లెక్కుతున్నాయి.

లైఫ్‌జాకెట్ తలకిందులుగా తొడుక్కుని నాతో వచ్చిన మాస్టారు మాత్రం పెరట్లోకి పోయి, మూతికి గుడ్డ కట్టిన తపేలాతో తిరిగొచ్చారు.

"ఐదింటిని పట్టానండి! నా చేతులు వణుకుతున్నాయి, జారవిడిచేస్తాను. గట్టుదాకా మీరు పట్టుకోవాలి."

"ఇప్పుడు కూడా ఇదేం పిచ్చి మాస్టారూ!" అని కసిరాను.

ఆవిడ తపేలా అందుకుంది. ఒకసారి ఇంటికేసి చూసింది. కొంగు బిగించి పడవెక్కింది.

మేం గట్టెక్కిన కాసేపటికే ఇల్లు గోదారిలో కూలిపోయింది. ఆవిడ ఏడ్చింది. మాస్టారూ ఏడ్చారు. ఆయన పదేళ్లు ప్రాణంగా చూసుకున్నవన్నీ ఆ పెరట్లోనే ఉన్నాయి మరి.

ఆ ఐదింటినైనా వదిలేద్దామని నేను తపేలా గుడ్డ విప్పాను. తడిసిన కొబ్బరాకులు తప్ప ఏమీ లేవు.

మాస్టారు తల దించుకున్నారు. "వెతికితే దొరికేవేమోరా. అంత టైం లేదు."

నేను భయపడుతూ మాణిక్యాంబ గారి వంక చూశాను.

"తెలుసు లెండి," అంది కళ్లు తుడుచుకుంటూ. "అంత పిచ్చిమనిషి వాటిని వదిలేసి నాకోసం వచ్చారనే ఎక్కాను. అయినా పదేళ్లలో ఒక్కదాన్నైనా పట్టారా ఈయన? ఐదంట, ఐదు!"