సోమవారం కడుపునొప్పి

తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే స్కూల్లో స్టాఫ్‌రూము తలుపు తీస్తే ముందుగా ముక్కుకు తగిలేది తలనొప్పి బామ్ వాసన. మా టీచర్లలో ఆ చిన్న సీసా లేని హ్యాండ్‌బ్యాగు లేదు. ఆ ఘాటు పీల్చినప్పుడల్లా నేను ఏలూరులో పదో తరగతి చదివిన రోజులూ, మా లెక్కల టీచర్ సువార్తమ్మగారూ గుర్తొస్తారు. వరండాలో ముందు ఆ వాసన వచ్చేది, వెనకాల ఆవిడ వచ్చేవారు.

మాది పెదపాడు దగ్గర పల్లె. నాన్న చేపల చెరువు మీద పనికి వెళ్ళేవాడు. తొమ్మిదో తరగతి దాకా నా బాల్యమంతా ఆ చెరువుగట్ల మీదే గడిచింది: వానాకాలం బురదలో జారిపడుతూ, చలికాలం పొద్దున్నే కొల్లేరు వైపు సాగే కొంగలబారుల్ని లెక్కపెట్టి ఎక్కడో తప్పిపోతూ, సాయంత్రం చర్చి వెనక చీకటి పడేదాకా తొక్కుడుబిళ్ళ ఆడుతూ, క్రిస్మస్ ముందు వారమంతా పెద్దవాళ్ళ వెంట ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడి, ప్రతి ఇంట్లో ఓ అరిసె, ఓ జంతిక తిని, ఇంటికొచ్చాక అన్నం వద్దంటూ అమ్మ చేత చివాట్లు తింటూ. ఏ జబ్బు చేసినా నాయనమ్మ దగ్గర ఒకటే వైద్యం. గుప్పెడు వాము నలిపి నోట్లో పోసి, బొడ్డు చుట్టూ ఆముదం రాసేది.

పదో తరగతికి నన్ను ఏలూరులో పేరున్న ప్రైవేటు స్కూల్లో వేశారు. అక్కడితో ఆటలు ఆగిపోయాయి. ప్రతి సోమవారం పరీక్ష, మంగళవారం ప్రార్థన దగ్గర మైకులో ర్యాంకులు చదవడం, చివరి పదిమందీ గంట సేపు ఎండలో నిలబడటం. ఆటల పీరియడ్‌ని లెక్కలకిచ్చేశారు. క్రిస్మస్‌కి ఒక్కరోజు సెలవిచ్చి, అదేదో దానం చేసినట్టు చెప్పారు. నాకు ఆదివారం దీపాలు పెట్టే వేళకి పొట్టలో మెలిపెట్టడం మొదలయ్యేది. సోమవారం బస్సెక్కేలోపు వాంతి. నాయనమ్మ వాము పోసింది, ఊళ్ళో డాక్టరు నులిపురుగుల మాత్ర ఇచ్చాడు, పిన్ని దిష్టి తీసింది, స్కూల్లో నాటకమన్నారు. నొప్పి నాది, దాని సంగతి మాత్రం ప్రతివాళ్ళకీ నాకంటే బాగా తెలుసు. ఆ కోపం ఇప్పటికీ నాలో చల్లారలేదు.

సువార్తమ్మగారికి అప్పటికి నలభై దాటి ఉంటాయి. రోజుకి ఆరు పీరియడ్లు, సాయంత్రం స్పెషల్ క్లాసులు, ఇంటికి మోసుకెళ్ళే పేపర్ల కట్టలు. మెత్తని మాట ఆవిడది. జనవరి వచ్చేసరికి ఆ మెత్తదనం పోయింది. ఒకరోజు నా లెక్క తప్పంటూ స్కేలుతో అరచేతి మీద కొట్టి, వెంటనే కుర్చీలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నారు. నా లెక్క కరెక్టేనని నాకు తెలుసు. చెప్పే ధైర్యం లేదు.

మర్నాడు క్లాసులోనే వాంతి చేసుకుంటే అమ్మకి కబురెళ్ళింది. అమ్మ నన్ను ఏలూరులోనే ఓ పెద్దావిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పొట్ట నొక్కి చూసి, "సెలవుల్లో వత్తందా నెప్పి?" అని అడిగారు.

"రాదండీ."

ఆవిడ అమ్మవైపు తిరిగారు. "అబద్ధం కాదమ్మా, నిజంగానే నెప్పి. భయం వల్ల వత్తంది. పిల్ల నిద్రపోవాలి, ఆడుకోవాలి. ఆ పరీక్షలు తగ్గించమని బళ్ళో అడగండి."

అమ్మ అటునుంచి అటే స్కూలుకొచ్చి ప్రిన్సిపాల్‌గారిని అడిగింది. ఆయన కూర్చోమని కూడా అనలేదు. "ఒక్క పిల్ల కోసం పరీక్షలు ఆపేత్తామా అమ్మా? కష్టంగా ఉంటే టీసీ తీసుకెళ్ళండి."

పేపర్ల కట్టతో గుమ్మంలోకొచ్చిన సువార్తమ్మగారు ఆ మాట విన్నారు. "పిల్లకి కడుపునెప్పండి, నాకు తలనెప్పి, బీపీ అండి. రెండూ ఒక్కచోట నుంచే వచ్చినయ్యండి," అన్నారు. తరవాత అమ్మతో, "నిన్న మీ అమ్మాయి చేసిన లెక్క కరెక్టేనండి. సరిగ్గా చూడకుండా కొట్టేశాను," అన్నారు. అమ్మ ఆవిడకి దండం పెట్టింది.

"మీరు క్లాసుకి వెళ్ళండి మేడమ్," అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

ఆ తరవాతి మంగళవారం ఆవిడ మా సెక్షన్ ర్యాంకుల కాగితం మైకు దగ్గరికి పంపలేదు. రోజూ తన పీరియడ్‌లో చివరి పది నిమిషాలు మమ్మల్ని బల్లల మీద తలవాల్చి పడుకోమనేవారు. నాకు వాంతులు తగ్గాయి. రెండు వారాలు తిరక్కుండానే ఆవిణ్ణి నాలుగో తరగతికి పంపేసి, మాకు కొత్త సారును వేశారు. మేమెవరమూ నోరెత్తలేదు. పబ్లిక్ పరీక్షలకు ముందే ఆవిడ మెట్ల మీద పడిపోయారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. దానిమీద స్కూల్లో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రోజు కూడా పరీక్ష పెట్టారు.

ఫలితాలొచ్చాక, నాన్న ఇచ్చిన రెండు కొర్రమీనులు పట్టుకుని ఆవిడ ఇంటికెళ్ళాను. ఆవిడ మాట కాస్త ముద్దగా వస్తోంది.

"కడుపునెప్పి తగ్గిందా అమ్మా?"

"తగ్గిందండీ."

"నాకూ తలనెప్పి పోయింది. బడికి వెళ్ళట్లేదు కదా," అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అప్పట్లో ఆటల పీరియడ్‌ని లాక్కునేవారు. ఇప్పుడు మా టైంటేబుల్లో లాక్కోవడానికి కూడా అది లేదు. మైదానంలో హాస్టల్ కట్టారు. ర్యాంకులు మైకులో చదవడం పోయి, తల్లిదండ్రుల ఫోన్లలోకి వెళ్తున్నాయి. మొన్న ఆదివారం ఒత్తిడి తగ్గించుకోవడం మీద టీచర్లకు శిక్షణ పెట్టారు. రాకపోతే ఒకరోజు జీతం కట్. మర్నాడు పొద్దున్నే పరీక్ష.

ఆ పరీక్షలో ఏడో తరగతి పిల్ల లేచి, "కడుపులో నెప్పండీ టీచర్," అంది. "రాసేసి వెళ్ళు," అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. ఆ పిల్ల కూర్చుని మళ్ళీ పెన్ను పట్టుకుంది. ఐదు నిమిషాలు పోయాక నేనే వెళ్ళి పేపరు తీసేసుకుని, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. గాలి తగిలేలా కూర్చోబెడదామంటే ఆవరణలో జానెడు మట్టినేల లేదు, చెట్టు లేదు. మెట్ల మీదే కూర్చున్నాం. పిల్ల నా భుజానికి ఆనుకుంది. పై వరండాలోంచి మా ప్రిన్సిపాల్ తొంగిచూసి, "క్లాసులో పిల్లల్ని ఎవరు చూస్తున్నారండీ?" అని అడిగారు.

"ఎవరూ చూట్టం లేదండీ," అన్నాను.