నాజాయజ్ కొట్టం

మా ఇంట్లో ‘నాజాయజ్’ అనే మాటకు పని ఎక్కువ. చెల్లనిదల్లా నాజాయజే. పక్కవాళ్ల చేలో మేసిన మేక నాజాయజ్. దేవుడికి పెట్టకముందే నేను నోట్లో వేసుకున్న గారె నాజాయజ్. తాత పొద్దుగూకేలోపు అడిగే మూడో చాయ్ కూడా నాజాయజేనని నాయనమ్మ తేల్చేది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

రాజురా తాలూకా హైదరాబాద్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి మారాక మా ఊరికి తలాఠీ వచ్చాడు. పాత పట్వారీ పనే, మరాఠీలో. ఆయన గొలుసు పెట్టి కొలిచి, మా ఎద్దుల కొట్టం సగం సర్కారు బాట మీద ఉందన్నాడు. పాతదని రుజువు చూపకపోతే అది బేకాయదేశీర్, అంటే చట్టం ఒప్పనిది, వానలకు ముందే పీకేయాలి. మాకు ఇంకో జాగా లేదు. వానాకాలమంతా ఎద్దులు బయట తడిస్తే సేద్యం సాగదు.

తాత తొణకలేదు.

“మంజూరు కాయితం ఉన్నది సారూ. గోడకే ఉన్నది.”

నిజాం కాలంలో ఒక జవాను చేతికిచ్చి వెళ్లిన ఉర్దూ కాగితం అది. గుండ్రటి మొహరు ముద్ర చూసి తాత దానికి అద్దం కట్టించి దేవుళ్ల పక్కన వేలాడదీశాడు. దసరాకు దానికీ ఒక బొట్టు. ఆ తర్వాత ఎవరూ అడగడానికి రాకపోవడం దాని మహిమేనని ఆయన నమ్మకం.

ఇంట్లో ఎవరికీ ఉర్దూ చదవరాదు. తలాఠీకీ రాదు. ఊళ్లో ఉన్న ముసలి ఉర్దూ పంతులును పిలిపించారు. ఆయన అద్దం తుడిచి, చదివి, మళ్లీ అద్దమే తుడిచాడు.

“ఏంది పంతులూ, చదువరాదు?” అన్నాడు తాత.

“చదివిన పటేలా. ఈ కొట్టం నాజాయజ్, ఎనిమిది దినాలల్ల తీసెయ్యాలె అని రాసిండ్రు.”

నాయనమ్మ తాత వైపు తిరిగింది. “గిన్నేండ్ల సంది నాతోని బొట్టు పెట్టిచ్చింది గీ కాయితానికా?”

“మొహర్ మంచిగున్నది,” అన్నాడు తాత.

తలాఠీ నవ్వలేదు. కాగితం మీది తారీఖు పంతులును అడిగి రాసుకున్నాడు. కొట్టం నిజాం కాలం నుంచీ ఉందనడానికి లోకంలో రుజువు ఆ నోటీసు ఒక్కటే.

కొన్నాళ్లకు మరాఠీలో కాగితం వచ్చింది. తాత దానికీ అద్దం కట్టించాడు. ఈసారి మాత్రం ముందుగా, మరాఠీ బడికి పోతున్న నాకిచ్చి చదివించాడు.

“నాజాయజే తాతా. గాని పాతది గాబట్టి ఉండనియ్యాలెనట.”

“గట్లయితే ఇది గూడ పాతదే,” అని నాయనమ్మ మూడో చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.