కొండదారిలో వెదురుగడ

బుట్టలల్లే పెద్దమ్మ కొండదారికి అడ్డంగా వెదురుగడ కట్టి, పక్కనే కూర్చుని అల్లుకుంటోంది. అంటువ్యాధి తగ్గేదాకా బయటివాళ్లను పైకి రానివ్వకూడదని కొండజనమంతా కలిసి తీర్మానించుకున్నారు. పైన తొమ్మిదిమంది ముసలివాళ్లున్నారు. వెనకటి జ్వరాలకు సగం ఇళ్లు ఖాళీ అయిన సంగతి ఆమె వాళ్ల నోటే విని పెరిగింది.

ఆ ఉదయం క్వారీ ఇంజినీరు జీపులో వచ్చి కాగితం ఊపాడు. "పైన రాయి కొలవాలి. ప్రభుత్వం అనుమతిచ్చింది. గడ ఎత్తు."

"ఆ కాగితం జబ్బుకి కూడా చూపించారా బాబూ?"

జీపు డ్రైవరు నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగలేదు.

పెద్దమ్మ చేతిలో వెదురుబద్ద నిలిచిపోయింది. "ఎన్నాళ్లుగా నాయనా?"

"మూడు రోజులమ్మా. సెలవడిగితే ఇవ్వలేదు."

ఆమె పక్కనున్న పొయ్యి మీది వేడినీళ్లు చెంబులో పోసి, గడ కిందనుంచి కర్రతో అవతలికి నెట్టింది. "తాగు. చెంబు నువ్వే ఉంచుకో."

ఇంజినీరుకు ఒళ్లు మండింది. "పోలీసులను తెస్తాను!"

"తెండి. వాళ్లకీ నీళ్లు కాచి పెడతాను. గడ మాత్రం ఎత్తను." దారి మధ్యకు వచ్చి బాసింపట్టు వేసుకు కూర్చుంది.

డ్రైవరు నీళ్లు తాగి, జీపు వెనక్కి తిప్పాడు.

"ఎవడు తిప్పమన్నాడ్రా?"

"మా ఇంట్లోనూ ముసలమ్మ ఉంది సార్."

జీపు మలుపు దాటాక, ఆ డ్రైవరును చల్లగా చూడమని పెద్దమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. తర్వాత లేచి, రాబోయే పోలీసుల కోసం రెండో గడ కూడా బిగించి కట్టింది.