పడ్డ టైం రాసుకునే దస్తగిర్ అన్న

ఈసారి పాప ఊపిరి తిరిగి రాకపోతే?

ఏడాది నిండిన మా సహస్ర ఏడ్చి ఏడ్చి గుక్కపట్టి, పెదాలు నీలమై, నా చేతుల్లో వాలిపోయిన ప్రతిసారీ ఇదే భయం. ఆ భయాన్ని నేను చెప్పుకున్నది కంప్యూటర్లు బాగుచేసే మనిషితో.

గోదావరిఖనిలో కొట్టు నడిపే దస్తగిర్ అన్నకు ఒకటే పిచ్చి. ఆగిపోయింది ఎందుకు ఆగిందో తెలిసేదాకా దాన్ని మళ్ళీ నడవనివ్వడు. ఏదైనా ప్రోగ్రాం కుప్పకూలితే, ఎన్ని గంటలకు, ఏ తప్పు దగ్గర పడిందో కంప్యూటరే ఒక మూల రాసిపెడుతుంది. మనమంతా అది చూడకుండానే మీట నొక్కి లేపుతాం. దస్తగిర్ అన్న చెయ్యి పట్టుకుని ఆపుతాడు. వాళ్ల నాయన పనిచేసిన బొగ్గుబాయిలో, పైకొచ్చిన షిఫ్టు రాసిన రిపోర్టు చదవకుండా తర్వాతి షిఫ్టు దిగేది కాదట. "పడ్డది ఏం రాసిందో సదువకుండ లేపుతరా?" అంటాడు.

'ఈ తప్పు గురించి కంపెనీకి నివేదిక పంపాలా?' అని తెర అడిగితే అందరం వద్దని నొక్కుతాం. ఆయన ప్రతిసారీ పంపి, జవాబు కోసం ఎదురుచూస్తాడు. పదకొండేళ్లుగా ఒక్కటీ రాలేదు. పాపం వాళ్లకు ఎన్ని పనులుంటాయో అని వాళ్లనే వెనకేసుకొస్తాడు.

ఒకసారి బసంత్‌నగర్ దగ్గర ఆయన స్కూటర్ ఆగింది. రోడ్డుపక్కన కూర్చుని వేగం, చప్పుడు, ఎండ అన్నీ రాయడం మొదలుపెట్టాడు. వెనక కూర్చున్న ఆయన భార్య ఖాతూన్ వదిన బస్సెక్కి ఇల్లు చేరి, వంట ముగించి, పెట్రోలుందో లేదో చూశావా అని ఫోన్ చేసింది. లేదు. అదీ రాసుకున్నాడు.

నేను మొరాయించిన లాప్‌టాప్ తీసుకెళ్లిన రోజు, ఆ కొట్లోనే సహస్ర గుక్కపట్టింది. నేను కేకలు పెడుతుంటే ఆయన పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూశాడు. పాప ఊపిరి తీసుకోగానే "ముప్పై ఎనిమిది సెకండ్లు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మిషన్‌కు, మనిషికి ఫరక్ తెల్వదా అన్న నీకు?"

"దవాఖానకు పొయ్యేసరికి బిడ్డ నవ్వుతనే ఉంటది చెల్లె. పడంగ చూసినోళ్లే చెప్పాలె."

ఒక నోటుబుక్కు ఇచ్చాడు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన నేను అందులో మొదట రాసింది: 'చాలాసేపు. చాలా భయం. నా తప్పే.' ఆయన చివరి మాట కొట్టేశాడు. తప్పు ఎవరిదని ఏ కంప్యూటరూ రాయదు, ఏం జరిగిందో మాత్రమే రాస్తుందన్నాడు.

మా ఆయనకు ఆ తర్వాత రెండు వారాలు సెకండ్ షిఫ్టు. సాయంత్రాలు నేనూ పాపే. దస్తగిర్ అన్న రోజూ నా లాప్‌టాప్ తెచ్చి మా వసారాలో కూర్చునేవాడు. కారణం ఇంకా దొరకలేదని, పొద్దుగూకేదాకా కదిలేవాడు కాదు.

పిల్లల డాక్టరమ్మ నోటుబుక్కు మొత్తం చదివింది. ప్రతిసారీ ఏడుపు తర్వాతే, నిద్రలో ఒక్కసారీ లేదు, నిమిషం దాటలేదు. రక్తపరీక్ష చేయిస్తే ఐరన్ తక్కువని తేలింది. మందు రాసి, పాప పెరిగేకొద్దీ ఈ గుక్క పోతుందంది.

స్వీట్లు తీసుకుని వాళ్లింటికి వెళ్తే ఖాతూన్ వదిన నవ్వింది. "నీ లాప్‌టాప్ మొదటి రోజే బాగైంది. బిడ్డ దగ్గర ఒక్కదానివే ఉంటవని దాన్ని గట్ల రోజు మోసుకొచ్చిండు."

దస్తగిర్ అన్న స్వీటు నములుతూ ఏమీ ఎరగనట్టు గోడకేసి చూశాడు. పాప మళ్ళీ గుక్కపడితే భయంతో రాయలేకపోతే ఎట్లా అని అడిగాను. ఆయన చెప్పిందే ఇప్పటికీ చేస్తున్నాను:

"భయమైతే సెకండ్లు గట్టిగ బయటికి లెక్కవెట్టు చెల్లె. నీ గొంతు ఇనుకుంట బిడ్డ వాపస్ వస్తది."